మూడో ఓటు

క్లబ్‌హౌస్ ముందు చక్రాల కుర్చీ ఆపి సుభాషిణి రెండు వైపులా బ్రేకులు వేసింది. కింది గది తలుపులు బార్లా తీసి ఉన్నాయి. రోజూ సెంటరు పిల్లల కోసం నీలం చాపలు పరిచి ఉండే నేల మీద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి పెట్టి ఉన్నాయి. ఒక మనిషి స్టూలెక్కి కిటికీ ఊచలకి జెండాల తోరణం కడుతున్నాడు. పిల్లలు పట్టుకుని నిలబడే జంట కమ్మీలు గాని, పెద్ద రబ్బరు బంతులు గాని, టీచరు నేహా బల్ల గాని ఎక్కడా కనిపించలేదు.

కుర్చీలో ఉన్న దీపు మెడ తిప్పి లోపలికి చూసి, మళ్ళీ తల్లి వైపు చూశాడు.

సొసైటీ సెక్రటరీ త్యాగి లోపలి నుంచి వచ్చి చేతులు జోడించాడు. ఇందిరాపురంలో ఆ అపార్టుమెంట్లు కట్టినప్పటి నుంచీ ఆయనే సెక్రటరీ. ఎవరి మీదా గొంతు పెంచని మనిషి. పార్లమెంటు ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్ద పార్టీ అభ్యర్థికి ఈ గదిని ఆఫీసుగా ఇచ్చామనీ, సెంటరు సామానంతా తనే దగ్గరుండి పై అంతస్తులో సర్దించాననీ చెప్పాడు.

"పోలింగయ్యేదాకానే, భాభీజీ. పైన గాలి కూడా బాగా వస్తుంది," అన్నాడు హిందీలో.

క్లబ్‌హౌస్‌కి లిఫ్టు లేదు. ఆ మాట ఆయనకి చెప్పాలా అనుకుంది సుభాషిణి. చెప్పడం అనవసరమనిపించింది. ఆయన ఎక్కి దిగుతున్న మెట్లే అవి.

ఇద్దరు సెక్యూరిటీ గార్డులు వచ్చారు. ఒకతను దీపు చంకల కింద చేతులు వేశాడు, రెండో అతను మోకాళ్ళు పట్టుకున్నాడు. దీపు ఇరవై మూడేళ్ళ మనిషి. భయపడ్డాడంటే ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోతుంది, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదికొకటి వచ్చేస్తాయి. నడుం దగ్గర కాదు, తొడల కింద పట్టుకోమని సుభాషిణి చెబుతూనే ఉంది. వాళ్ళు అప్పటికే నాలుగు మెట్లు ఎక్కేశారు. చొక్కా పైకి లేచిపోయి పొట్ట బయటపడింది. మలుపులో మోచెయ్యి కమ్మీకి కొట్టుకుంది. మడిచిన కుర్చీ మోసుకుంటూ వెనకాల ఎక్కుతున్న సుభాషిణికి వాడి మొహం తలకిందులుగా కనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

పైకి చేరాక ముందు వాడి చొక్కా కిందికి లాగి, తరవాత ఊపిరి పీల్చుకుంది.

నేహా అప్పటికే చాపలు పరిచింది. సెంటరు నడిపే పిల్ల ఆ అమ్మాయి. వికలాంగులకి నేర్పడంలో ప్రత్యేక శిక్షణ పొంది, రోజూ రెండు బస్సులు మారి ఢిల్లీ నుంచి వస్తుంది. స్కూలు వయసు దాటిపోయి, ఇంక ఏ స్కూలూ చేర్చుకోని అయిదారుగురు పిల్లలకి ఇందిరాపురంలో ఉన్నది ఇదొక్కటే చోటు. పిల్లలంటారు గాని అందరూ ఓటు హక్కు వచ్చినవాళ్ళే. ఆ వేళ ముగ్గురే వచ్చారు. ఒక అమ్మాయిని వాళ్ళమ్మ మెట్ల దగ్గర దాకా తీసుకొచ్చి, గుండె జబ్బు మనిషి కావడంతో, అట్నుంచి అటే వెనక్కి తీసుకుపోయిందట.

మధ్యాహ్నం తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు దీపు సంచీ సర్దుతూ సుభాషిణి నీళ్ళ సీసా ఎత్తి చూసింది. పొద్దున నింపింది నింపినట్టే ఉంది. అది 2009 ఏప్రిల్ చివరి వారం. బయట వడగాలి వీస్తోంది. ఎందుకు తాగలేదని అడిగింది. నేహా పక్కకి పిలిచి చెప్పింది: బాత్‌రూము కిందనే ఉంది, పైన లేదు. మళ్ళీ తనని ఎత్తి దింపుతారని దీపు పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్ళు ముట్టలేదు.

భర్త రాజగోపాల్ ఆఫీసు నుంచి వచ్చి, టై వదులు చేసుకుంటూ అంతా విన్నాడు. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. ఇంకో మూడేళ్ళ సర్వీసుంది.

"పట్టుమని పదిహేను రోజులు కూడా లేదుగా, సుభా. ఇంట్లో ఉంచు వాణ్ణి," అన్నాడు.

"ఇంట్లోనే ఉంచితే వాడికి రోజంతా గోడలు, నేను. అంతేగా."

"సరే, నీ ఇష్టం. నా పేరు మాత్రం ఎక్కడా రానీకు. గవర్నమెంటు సర్వెంటుని."

ఆ మాటలో కోపం లేదు. అలసట ఉంది. అది ఆమెకీ తెలుసు. ఈ ఇంట్లో ఇద్దరూ వంతులవారీగా అలిసిపోతారు. ఇవాళ ఆయన వంతు.

మర్నాడు శనివారం. ఆయన్ని ఇంట్లో ఉండమని చెప్పి సుభాషిణి ఆటో ఎక్కింది. పోటీలో ఉన్న రెండో పెద్ద పార్టీ ఆఫీసు వైశాలిలో ఒక షాపింగ్ కాంప్లెక్సులో ఉంది. చాలాసేపు కూర్చోబెట్టి, చివరికి అభ్యర్థి బావమరిదిని చూపించారు. ఆయన ఆమెకి చల్లటి మజ్జిగ తెప్పించాడు. ఇలాంటి పిల్లలు దేవుడి బిడ్డలనీ, వాళ్ళ సేవ చేసుకునే భాగ్యం అందరికీ దొరకదనీ అన్నాడు. గెలిచాక పెద్ద శిబిరం పెట్టి చక్రాల కుర్చీలు పంచుతామన్నాడు. కుర్చీ ఉందండీ, అది వెళ్ళే దారి లేదు, వాళ్ళు పగలంతా ఉండే చోటు లేదు అని ఆమె చెప్పింది. ఆయన తల పంకించి, అయితే మంచి రకం కుర్చీ ఇప్పిస్తామన్నాడు.

ఇంటికొచ్చేసరికి సొసైటీ గేటు దగ్గర ఒక ముసలాయన ఎండలో నిలబడి కరపత్రాలు పంచుతున్నాడు. రిటైరైన ఇంజినీరు, స్వతంత్ర అభ్యర్థి. ఆయన కాగితంలో బస్సులకి తక్కువ ఎత్తు మెట్లు, ప్రభుత్వ భవనాలకి ర్యాంపులు, పెద్దవాళ్ళయిన వికలాంగులకి పగటి కేంద్రాలు అని విడివిడిగా రాసి ఉంది. మీరు గెలుస్తారా అని అడిగింది సుభాషిణి. ఆయన నవ్వి, డిపాజిట్టు దక్కితే చాలమ్మా అన్నాడు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. మనసుకి నచ్చిన మాటలు, పనికిరాని మనిషి అనుకుంటూ లిఫ్టు ఎక్కింది.

ఆదివారం సాయంత్రం మొదటి అభ్యర్థి సొసైటీకి వచ్చాడు. లాన్‌లో షామియానా వేశారు. సొసైటీలోని తెలుగు కుటుంబాలన్నీ ఒకవైపు కూర్చున్నాయి. ఎదురింటి వీణ సుభాషిణికి చివర కుర్చీ పట్టి ఉంచింది, పక్కన దీపు కుర్చీ ఆనడానికి వీలుగా. దీపు ఇస్త్రీ చొక్కా కావాలని పట్టుబట్టి వేయించుకున్నాడు. ఆ వారమంతా సెంటర్లో నేహా అందరి కరపత్రాలూ చదివి వినిపించిందట, ఎవరు మన గురించి ఏమన్నారో వెతికించిందట. ఎక్కువ కాగితాల్లో ‘వృద్ధులు, వితంతువులు, వికలాంగులు’ అని ఆఖర్న ఒక ముక్క ఉందని నేహా నవ్వుతూ చెప్పింది. దీపు ఆ రోజంతా పెదవులు కదుపుతూ ఏదో వల్లె వేసుకుంటున్నాడు. సుభాషిణి తన ప్రశ్నని హిందీలో తప్పుల్లేకుండా ఎలా అడగాలా అన్న ధ్యాసలో ఉండి పట్టించుకోలేదు.

నీళ్ళ గురించి, కరెంటు గురించి, మెట్రో గురించి ప్రశ్నలయ్యాయి. మైకు ఆమె చేతికి వచ్చింది. చదువులు అయిపోయిన మా పిల్లలు ఎక్కడికి వెళ్ళాలి, మీరు గెలిస్తే వాళ్ళకేం చేస్తారు అని అడిగింది. ఆయన స్టేజి దిగి వచ్చాడు. అందరూ దారి ఇచ్చారు. దీపు తల మీద చెయ్యి వేసి, బాబు పేరేమిటని ఆమెని అడిగాడు. పింఛను పెంచుతామన్నాడు. ఇలాంటి తల్లులకి దండం పెట్టాలన్నాడు, పెట్టాడు కూడా. ఫొటోలు తీశారు.

"మీ ఆఫీసున్న గది ఈ పిల్లలదండీ," అంది సుభాషిణి. మైకు ఇంకా చేతిలోనే ఉందని ఆమెకి అప్పుడు తెలిసింది.

అభ్యర్థి నవ్వు చెదరనివ్వలేదు. త్యాగి వైపు తిరిగి, ఇదేమిటి నాకు చెప్పలేదే అని మందలించి, రేపు పొద్దుటికల్లా గది పిల్లలకి ఇచ్చెయ్యమన్నాడు. చప్పట్లు మోగాయి. ఆయన చప్పట్లు ఆగేదాకా ఆగి, ఆమె వైపు కొంచెం వంగి, మరి మా చెల్లెలి ఆశీర్వాదం మాకుంటుందా అని అడిగాడు.

"మా ఇంట్లో మూడు ఓట్లూ మీవే," అంది సుభాషిణి.

అంతలో దీపు ఏదో అన్నాడు. మెడ నరాలు బిగిసి, నోరు వంకర పోయి, మాట ముక్కలుగా బయటికి వచ్చింది. అందులో ఆమెకి ‘నహీఁ’, కాదు, అన్నది స్పష్టంగా వినిపించింది. ఆ తరవాత ఇంకేదో ఉంది.

అభ్యర్థి ఆమె మొహంలోకి చూశాడు. ఏమంటున్నాడు?

"ధన్యవాదాలు చెబుతున్నాడండీ," అంది.

ఆయన దీపు చెంప తట్టి స్టేజి వైపు వెళ్ళిపోయాడు. రాజగోపాల్ వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు కుర్చీ తోస్తుంటే వాడి మెడ వెనక భాగమే ఆమెకి కనిపిస్తోంది, చెమటకి జుట్టు అంటుకుపోయి.

సోమవారం పొద్దున్నకి కింది గది ఖాళీ అయింది. జెండాలు గేటు పక్కన వేసిన చిన్న గుడారంలోకి మారాయి. త్యాగి స్వయంగా నీలం చాపలు దింపించాడు. గుండె జబ్బు తల్లి తన కూతుర్ని తీసుకొచ్చి, సుభాషిణి చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. దీపు సీసాలో నీళ్ళు మధ్యాహ్నానికి అయిపోయాయి. ఇన్నాళ్ళ తిరుగుడులో అడిగిన పని ఒక్క రాత్రిలో జరగడం ఇదే మొదలు. సంతోషంగానే ఉంది. కాని దీపు తనతో అవసరానికి మించి మాట్లాడటం లేదని రెండు రోజులకి గాని ఆమె గమనించలేదు.

పోలింగు రోజు ఆఫీసులకి సెలవు. రాజగోపాల్ పొద్దున్నే వెళ్ళి ఓటేసి వచ్చి, పేపరు పట్టుకుని కూర్చున్నాడు. సుభాషిణి దీపుకి స్నానం చేయించింది. మంచం మీంచి స్టూలు మీదికి, స్టూలు మీంచి మళ్ళీ కుర్చీలోకి. మూసుకుపోయి ఉండే ఎడమ చేతి వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి, మధ్యలో తడి లేకుండా తుడిచి పౌడరు వేసింది. తరవాత గడ్డానికి నురగ రాసింది. గడ్డం చేసేటప్పుడు ఇద్దరికీ ఒక పద్ధతి ఉంది. ఆమె బ్లేడు ఆనించగానే వాడు ఊపిరి బిగబడతాడు, మెడ కదలకుండా. ఆమె తీశాక వదులుతాడు. ఆ కాసేపూ ఆమె కూడా ఊపిరి బిగబట్టే ఉంటుంది.

కుడి చెంప అయింది. దీపు ఊపిరి వదిలి, మళ్ళీ బిగబట్టలేదు.

"మమ్మీ. సండే… మైఁనే… థాంక్స్… నహీఁ బోలా."

ఆదివారం నేను థాంక్స్ చెప్పలేదు, అని. తెలుగు వాడికి బాగా అర్థమవుతుంది. నోటికి మాత్రం హిందీయే వస్తుంది.

"తెలుసు నాన్నా," అంది సుభాషిణి. బ్లేడు మగ్గులో కడిగింది. అవసరానికి మించి కడిగింది. "మరేమన్నావు?"

వాడికి చాలాసేపు పట్టింది. ఆమె తొందరపెట్టలేదు.

"వో… హార్ గయే… తో? కమ్రా?"

ఆయన ఓడిపోతే? గది?

ఆ రోజంతా వల్లె వేసుకున్నదాన్ని, గది మాట విన్నాక, అప్పటికప్పుడు మార్చి అడిగింది ఇదే. ఎదుటి మనిషికి అర్థమయ్యేంత పొట్టిగా, తన నోరు తిరిగేంత తేలికగా కుదించుకున్న ప్రశ్న. ఆఫీసులన్నీ తిరిగి, అందర్నీ అడిగి, చివరికి మైకు పట్టుకున్న తనకి ఈ ప్రశ్న తట్టలేదు. ఇచ్చినవాడు ఉన్నంత వరకే ఇచ్చింది ఉంటుందని తనకి తెలియదా? తెలుసు. ఆ తెలివిడి మొయ్యడానికి ఆ పూట ఓపిక లేకపోయింది.

ఎడమ చెంప మీద నురగ ఆరిపోతోంది. దీపు ఇంకా చెప్పాలన్నట్టు చూస్తున్నాడు.

"ఔర్… మేరా వోట్. ఆప్‌నే… దే దియా."

నా ఓటు నువ్వు ఇచ్చేశావు.

"నువ్వు నీళ్ళు తాగడం మానేశావు కదరా," అంది సుభాషిణి. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "నేనేం చెయ్యను?"

"పతా హై," అన్నాడు దీపు. తెలుసు.

ఆ తరవాత వాడు ఊపిరి బిగబట్టాడు. ఆమె రెండో చెంప పూర్తి చేసింది.

పోలింగు బూతు పక్క బ్లాకులోని స్కూల్లో పెట్టారు. మెట్ల మీద ఒక పక్కగా చెక్కపలక వేసి ర్యాంపు అనిపించారు. కుర్చీని వెనక్కి తిప్పి లాగితే తప్ప ఎక్కలేదు. రాజగోపాల్ గొడుగు పట్టుకుని వెంట వచ్చాడు. వరసలో వాళ్ళు దారి ఇచ్చారు. లోపల ప్రిసైడింగ్ ఆఫీసరు, టీచరులా ఉన్న నడివయసు ఆవిడ, దీపు కార్డు చూసి, మొహం చూసి, సుభాషిణి వైపు తిరిగింది. సాయం కావలసిన ఓటరుతో ఒక మనిషి లోపలికి వెళ్ళవచ్చని, ఆ మనిషే మీట నొక్కవచ్చని చెప్పింది. మొదటి అభ్యర్థి తరఫున కూర్చున్న పార్టీ ఏజెంటు, అమ్మగారే వేస్తారు మేడమ్, మాకు అభ్యంతరం లేదన్నాడు.

"నువ్వెళ్ళి నొక్కేసిరా, సుభా. ఎంతసేపు," అన్నాడు రాజగోపాల్ తెలుగులో, మెల్లిగా.

సుభాషిణి నోరు తెరిచింది. అలవాటైన వాక్యం ఏదో నాలుక మీదికి వచ్చింది. అది మింగేసింది.

"వాణ్ణే అడగండి," అంది ఆఫీసరుతో.

ఆవిడ కాస్త ఇబ్బందిగా దీపు వైపు తిరిగి, ఎవరు వేస్తారు బేటా అని అడిగింది.

"ఖుద్," అన్నాడు దీపు. తనే వేస్తానని. ఒక్క ముక్క. అందరికీ తెలిసింది.

సిరా పెట్టే అతను ఎడమ చెయ్యి చాపమన్నాడు. అది తెరుచుకోదు. అతను పిడికిలి పట్టి లాగబోతే సుభాషిణి చెయ్యి ముందుకు వెళ్ళి ఆగింది. దీపు తల అడ్డంగా ఊపి, తనే ఊపిరి పీల్చుకుని, చెయ్యి వదులయ్యేదాకా ఆగాడు. చూపుడు వేలు కొంచెం బయటికి వచ్చాక అతను గీత పెట్టాడు. లోపల యంత్రం పెట్టిన బల్ల దీపు భుజాలకంటే ఎత్తుగా ఉంది. ఆఫీసరు ఏజెంట్లకి చెప్పి, యంత్రాన్ని చిన్నపిల్లల బెంచీ మీదికి దింపించి, మళ్ళీ చుట్టూ అట్ట నిలబెట్టించింది. సుభాషిణి కుర్చీని లోపలికి తోసి తను బయటికి వచ్చేసింది.

అట్ట పై నుంచి దీపు నడినెత్తి మాత్రం కనిపిస్తోంది. అది ఒకసారి పక్కకి ఒరిగింది, మళ్ళీ నిటారయింది. కుర్చీ పాదం బెంచీకి తగిలిన చప్పుడు. వెనక వరసలో ఎవరో ఎంతసేపని గొణిగారు. వేలితో నొక్కలేడు, మెటికతో నొక్కాలి. చెయ్యి ఎగిరిపడి పక్క మీట మీద పడితే? పడితే పడింది అనుకుంది సుభాషిణి. కాళ్ళు లాగేస్తుంటే గోడకి ఆనుకుంది. రాజగోపాల్ గొడుగు మడవడం మరిచిపోయి గదిలో తెరిచే పట్టుకుని నిలబడ్డాడు.

యంత్రం పొడుగ్గా కూసింది.

దీపు బయటికి వచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మొహంలో నవ్వు లేదు, పని చేసి వచ్చిన మనిషి మొహంలా ఉంది. దారిలో సుభాషిణి ఉండబట్టలేక, ఎవరికి వేశావు నాన్నా అని అడిగింది. వాడు రోడ్డు వైపు తల తిప్పుకున్నాడు. రాజగోపాల్, అడక్కులే, అన్నాడు.

సొసైటీ గేటు దగ్గర గుడారంలో త్యాగి కూర్చుని ఉన్నాడు. వాళ్ళని చూసి లేచి వచ్చాడు. ఎండలో వెళ్ళొచ్చారు, శ్రమ అంటూ మంచినీళ్ళు తెప్పించి, నవ్వుతూ సుభాషిణిని అడిగాడు.

"అయితే భాభీజీ, మూడూ మనకేగా?"

ఏమని చెప్పాలో ఆమెకి తెలుసు. ఒక్క చిన్న ‘హా’ చాలు. గది ఎన్నాళ్ళుంటుందో ఈయన చేతిలో ఉంది. ఫలితాలు ఎలా వచ్చినా ఈయన సెక్రటరీగా ఉంటాడు.

"నా ఓటు మాటిచ్చినట్టే వేస్తాను, ఇంకా వెయ్యలేదు. ఆడవాళ్ళ వరస పొడుగ్గా ఉంది, సాయంత్రం వీణతో వెళ్తాను," అంది. "ఆయనది ఆయన్నడగండి. వీడిది వీణ్ణడగండి."

త్యాగి నవ్వు అలాగే ఉంది గాని కళ్ళలోంచి పోయింది. రాజగోపాల్ గొంతు సవరించుకున్నాడు. దీపు తల ఎత్తి త్యాగి వైపు తిరిగాడు. మెడ నరాలు బిగిశాయి.

"అంకుల్. హార్ గయే… తో…"

మిగిలింది గొంతులో నలిగిపోయింది. త్యాగి అలవాటుగా సుభాషిణి మొహంలోకి చూశాడు. ఎప్పుడూ అక్కడే అర్థం దొరుకుతుంది. ఆమె ఏమీ చెప్పలేదు. ఆయన భర్త వైపు చూశాడు. రాజగోపాల్ గొడుగు మడుస్తున్నాడు.

దీపు ఊపిరి తీసుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.

త్యాగి కాసేపు తటపటాయించాడు. తరవాత మోకాళ్ళ మీద చేతులు ఆనించి, కుర్చీ ముందు వంగి, చెవి దగ్గరికి తెచ్చాడు.

సుభాషిణి కుర్చీ బ్రేకులు వేసి, వెళ్ళి సెక్యూరిటీ గది నీడలో ఉన్న బెంచీ మీద కూర్చుంది. చెప్పులు విడిచి పాదాలు చల్లటి గచ్చు మీద పెట్టింది. వాళ్ళిద్దరి మాటలూ అక్కడికి వినిపించడం లేదు.